ఎడమచెవి గాట్లు

కాఫీ వద్దులే అమ్మాయ్ అరుణా, నువ్వు లోపలికి పో. మీ ఆయన్ని ఒక మాట అడిగిపోదామని వచ్చినా. ఏంరా నరేషూ, ఆ పోలీసు సినిమా అంత అధ్వానంగా ఉందా?

మార్కాపురం హాల్లో జనం ఈలలేసి చూసినారంట. పేపరోళ్లు ఉన్నదున్నట్టు తీసినారని రాసినారంట. నువ్వొక్కడివే నీ యూట్యూబు చానల్లో కూర్చోని, అంతా కట్టుకథ, మన పక్క పోలీసులు దేవుళ్లు అంటివి. మా కూతురు నాగవేణి ఫోన్లో చూపిచ్చింది.

సరే, నీ నోరు నీ ఇష్టం. కానీ ఆ మాటెందుకు అంటివిరా? ఆ సినిమాలో మాదిరి మొగుణ్ణి విడిపిచ్చుకోడానికి పొట్టేల్ని తోలుకొచ్చి, ఎస్సైకి ఏ ఆడదైనా నవ్వుతా ఇస్తాదా అంటివే!

ఇస్తాదిరా! పరాయి చేలో గొర్రెలు పడినాయని మీ మామను స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు నేను ఇయ్యలేదా? అంకాలమ్మకు మొక్కిన పొట్టేలు. తాడు చేతిలో పెట్టి, తీసుకోండి సారూ అని పండ్లికిలిచ్చినా. ఏడిస్తే ఇంకోటి అడుగుతాడేమోనని భయం నాకు.

నీకు తెలీదా? పుల్లలచెరువులో అందరికీ తెలుసు. మరి మేనల్లుడివై ఉండి అట్ల ఎందుకన్నావా అని నాకు అనుమానమొచ్చింది. నాగవేణితో మళ్లీ మళ్లీ పెట్టిచ్చుకొని చూసినా. నీ మొగం కాదులే. నీ ఎనకమాల.

గోడ పక్కన నల్ల పొట్టేలు మేత తింటా తల తిప్పింది. ఎడమచెవి కొసన రెండు గాట్లు. అవి ఎవరి మంద గుర్తురా? కోసింది మీ మామ, పసుపద్దింది నేను. ఇంకొకరి మందకు ఆ గుర్తు ఉండదు.

సంతలో కొన్నావా? ఏ సంతలో? ఎస్సై సారు ఊరికే ఇచ్చినాడా, ఆయన్ను పొగిడినందుకు ఇచ్చినాడా? 

పోనీలే, తిట్టడానికి రాలేదు నేను. దాన్ని తోలుకపోదామనే వచ్చినా. మొక్కు తప్పినామని మీ మామ అన్నం సరిగా తినడంలేదురా. దాన్ని ఇచ్చేయ్, చాలు.

ఏందట్ల అరుణ దిక్కు చూస్తావు? దొడ్లో తాడొక్కటే పడుంది. పొట్టేలేదిరా?

ఓహో. ఈ మసాలా వాసన అదేనా?

అన్నం తిని పో అత్తా అంటావా... సరే, పెట్టమను. బస్సు సాయంత్రం గానీ లేదు. మజ్జిగ పోసుకుంటాలే, ఆ కూర నాకొద్దు.

ఎస్సై ముందర నవ్వినా గానీ, నీ ముందర నవ్వు రావడంలేదు అల్లుడా.