వెర్నా తరవాత కోశాధికారి ఎవరు?

వానలో తడుస్తూ వచ్చిన అమ్మల్లారా, అయ్యల్లారా! మన వెర్నా స్టిల్వెల్ పోయింది. పాతికేళ్లు మన పిల్లల్ని బడి బస్సులో దింపిన మనిషి, చట్టసభకు పోటీ చేస్తున్న మన డార్లీన్ ఎన్నికకు విరాళాల లెక్కలు చూసే కోశాధికారి, గురువారం పొద్దున గుండె ఆగి పోయింది. ఏడుద్దాం. కానీ నాకు ఏడుపుకంటే ముందు భయమేస్తోంది. ఎన్నికకు పంతొమ్మిది రోజులే ఉన్నాయి. కోశాధికారి లేకపోతే ఒక్క డాలరు తీసుకోకూడదు, ఒక్క డాలరు ఖర్చు పెట్టకూడదు. అదీ చట్టం. కరపత్రాలు ప్రెస్సులోనే పడున్నాయి. తెలుసా మీకు?

వెర్నా ఎలాంటి మనిషి? ఫైర్ స్టేషన్లో విందు పెట్టి, అందరి మధ్యా టోపీ తిప్పి విరాళాలడిగాం. అందులో వంద డాలర్ల నోట్ల చుట్ట ఒకటి పడింది, పేరు లేకుండా. వెర్నా బల్లెక్కి అడిగింది. "ఎవరిదర్రా ఇది? సిగ్గుపడకండి, పెళ్లి చేసుకోమని అడగనులే!" అందరూ నవ్వారు, నాదంటూ ఎవరూ ముందుకు రాలేదు. పేరు లేని డబ్బు ఎన్నికకు వాడకూడదని మొత్తం అంబులెన్సు నిధికి ఇచ్చేసింది.

ఇక నా తప్పు. క్వారీలో పనిచేసే తొమ్మిది ఇళ్లవాళ్లు నా చేతిలో డబ్బు పెట్టారు. ఇచ్చినవాళ్ల పేరూ, పనీ అందరూ చూసే జాబితాలోకి ఎక్కుతాయి కదా, అవతలి పక్షంవాడైన క్వారీ యజమాని చూస్తాడని వాళ్ల భయం. అదంతా నాదేనని చెప్పి వెర్నాకు ఇచ్చాను. వెర్నా నన్ను ఎగాదిగా చూసింది. "ఓపల్ పిన్నీ, నీ పింఛను ఎంతో నాకు తెలీదా? ఒకరి డబ్బు ఇంకొకరి పేరున ఇస్తే నేరం. లే, బండెక్కు!" తొమ్మిది గుమ్మాలూ ఎక్కించి, నా చేత్తోనే తిరిగి ఇప్పించింది. తల కొట్టేసినట్టయింది నాకు. ఎనిమిది మంది తీసుకుని తలుపేసుకున్నారు. క్లెమెంట్ ఒక్కడే ఆ డబ్బు మళ్లీ వెర్నా చేతిలో పెట్టి, "నా పేరే రాసుకో వెర్నా, తప్పుల్లేకుండా రాయి" అన్నాడు. పై వారమే క్వారీలో అతని షిఫ్టులు సగానికి కోశారు.

మరి అవతల? పొద్దస్తమానం టీవీలో డార్లీన్‌ను తిట్టే ప్రకటనలు. కింద 'బంగారు రేపటి సంఘం' అని ఉంటుందట. ఎవరు వీళ్లు? ఎవరి డబ్బు? మన కాస్త డబ్బుకు ఊరూ పేరూ కావాలి, వాళ్ల లక్షలకు అక్కర్లేదా? వెర్నాను ఇదే అడిగాను. "ఆ చట్టం మార్చేవాళ్లను ముందు గెలిపించుకోవాలిగా పిన్నీ" అంది.

కోశాధికారి పని నేనే ఎత్తుకునేదాన్ని. కానీ నాకు అక్షరమ్ముక్క రాదు, చదవలేని కాగితం మీద సంతకం పెట్టలేను. మీ భయం నాకు తెలుసు. కోశాధికారి పేరు ప్రతి కాగితం మీదా ఉంటుంది, క్వారీ వాళ్లు చూస్తారు.

లేవండి. వెర్నా కోసం ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడదాం. నిమిషం అయ్యాక కూర్చోండి. ఆ పని ఎత్తుకునేవాళ్లు మాత్రం నిలబడే ఉండండి.