ఎత్తుకునేవాడు

స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో శనివారం సాయంత్రం. టోర్మోడ్ పెరట్లో పొయ్యిలో కాల్చే పీట్ మట్టి పెళ్లలు పేరుస్తున్నాడు. చర్చి సంఘ పెద్ద ఫిన్లే వచ్చి రాతిగోడ మీద కూర్చున్నాడు.

“చెప్తున్నా ఫిన్లే, రేపు గుడిలో ఇంకెవరినైనా చూసుకోండి. కీర్తన నేను ఎత్తుకోను.”

“ఎవరున్నార్రా? పోయిన వారం రోరీగాడు ఎత్తుకుంటే గొర్రెల్ని తోలినట్టు పోయింది. వాయిద్యాలు లేని గుడి మనది. ఒకడు ముందు పంక్తి అందిస్తేనే గదా జనం అందుకునేది?”

“అందించాను ఫిన్లే. చలికాలమంతా అందించాను. నా పెళ్లాం ఎఫీ బతకాలని ఉపవాసాలుండి, గొంతు చీరుకుపోయేలా. ఏమిచ్చాడు దేవుడు, తన సమాధి తప్ప?”

“అట్లా అనకు.”

“అంటాను. ‘కోలుకుంటుందిరా, నమ్మకం ఉంచు’ అన్నది నువ్వు కాదూ?”

“అన్నాను.”

“ఇక కోలుకోదని డాక్టరు చెప్పిన రోజు తన పక్కన ఉన్నదీ నువ్వేనట.”

“ఎవరు చెప్పారు?”

“నర్సు. ఓదార్చబోయి నోరు జారింది. అవునా, కాదా?”

“ఆ పక్క పెళ్లలు జారుతున్నాయి చూడు—”

“అవునా, కాదా?”

“అవును. నీకు చెప్పొద్దని మాట తీసుకుందిరా.”

“వారం వారం నేను ఎత్తుకుంటుంటే తను ఎదుటి బల్ల మీంచి నవ్వేది. నువ్వేమో నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేటట్టు. వెర్రివాణ్ణి చేశారు నన్ను. మీరిద్దరూ, దేవుడితో కలిపి ముగ్గురూ.”

“‘ఆయనకి తెలిస్తే పంక్తి మధ్యలో పాట తెగిపోతుంది. ఆయన పాడుతున్నంతసేపే నాకు నొప్పి తెలియదు, అదొక్కటీ తీసెయ్యకు’ అంది. నన్నేం చెయ్యమంటావు?”

“నాకు చెప్పమంటాను! చెప్పుంటే తనతో కలిసి ఏడ్చేవాణ్ణి. అదీ లేకుండా చేశారు.”

“మాటిచ్చాను కదరా.”

“ఇంక పో. నమ్మకం లేనివాడు కీర్తన ఎత్తుకోకూడదు.”

“లేకపోతే లేకపోనీ. నువ్వు ఎత్తు, మోసేది మేం కదా. ఈ ఒక్క ఆదివారం. నా కోసం.”

“నీ కోసమా? ఉండుండు. గేటు నుంచి ఇక్కడికి రావడానికే అట్లా కూలబడ్డావేం?”

“వయసు.”

“ఆ కోటేం, కర్రకి తగిలించినట్టుంది?”

“మా ఆవిడ మొరాగ్ కొత్తది కొనిందిలే, కొలత చూసుకోకుండా—”

“అది నీ పాత కోటే. అబద్ధమాడటం నీకు చేతకాదురా, అప్పుడెట్లా నమ్మానో! డాక్టరు ఏమన్నాడు?”

“ఏమంటాడు...”

“ఫిన్లే!”

“మొరాగ్‌కి చెప్పకు.”

“నేను చెప్పను. నువ్వే చెప్తావు, ఇంటికెళ్లగానే. చెప్పి, రేపు నా పక్కన కాదు, మొరాగ్ పక్కన కూర్చుంటావు. ఇంతకీ, రేపటి కీర్తన ఏది?”