కరెంటు ఊళ్లో బర్రెల బేరం

ఇబ్రహీంపట్నంలో బర్రెల బేరం చేసే అంజిలయ్య, కూతురు అరుణకు వచ్చిన సంబంధం వాకబు చేయడానికి పిల్లవాడు పనిచేసే ఊరికి వెళ్లి, ఆ పొద్దున్నే తిరిగి వచ్చాడు. వాకిట్లో మంచం మీద అతను, పక్కన అరుణ, గడప లోపల పొయ్యి దగ్గర భార్య నర్సింహమ్మ.

"వద్దంటే వద్దు బిడ్డ. గీ సంబంధం ఇడిసిపెట్టు."

"ఎందుకొద్దో చెప్పు బాపు. వచ్చిన కాడి నుంచి వద్దు వద్దు అనుడే గని, ఎందుకో చెప్తలేవు."

"ముందుగాల చాయ్ తాగనీయవా?"

"గిది రెండోది."

"మొదటిదాంట్ల మీ అమ్మ చక్కెర తక్కువేసింది. గది లెక్కల రాదు."

"ఓ అయ్య, నా చాయ్ మీదికి తేకు. పిల్ల అడిగినదానికి చెప్పు. రెండు రైళ్లు మారి పోయినవ్, నడుము నొప్పని మూల్గుకుంట వచ్చినవ్. పిలగాడు తాగుతడా?"

"తాగడు."

"ఎవల్నన్న ఉంచుకున్నడా?"

"అమ్మా."

"ఏం, అడగొద్దా? అడగనీకెనే గద పోయింది."

"అసొంటిదేం లేదు నర్సింహ. పిలగాడు మంచోడే. పనిచేసే జాగనే మంచిది గాదు. అణువుతోని కరెంటు తీసే కార్ఖాన అది. పోయిన, చూసిన, వచ్చిన. ఇగ ఆ ముచ్చట బంద్."

"ఏం చూసినవ్ బాపు? లోపటికి రానిచ్చిన్రా?"

"ఎవడు రానిస్తడు? లోపటికి పోవాల్సిన పని గూడ లేదు నాకు. బర్రెను కొనేటోడు అమ్మేటోన్ని అడగడు బిడ్డ, పక్కింటోన్ని అడుగుతడు. పాలెన్నిస్తది, తంతదా, చూడి నిలుస్తదా, పక్కింటోడైతే అడగకముందే అన్ని కక్కుతడు. గందుకే నేను కార్ఖానకు పోలే. దాని పక్క ఊళ్లె దిగిన. సముద్రం ఒడ్డు మీద ఉన్నది."

"దిగి ఏమని అడిగినవ్?"

"పిల్లనిచ్చెటోన్ని అంటే ఎవడన్న నిజం చెప్తడా? ఉన్న సంబంధం చెడగొట్టిండన్న పేరెందుకని మంచిగనే చెప్తడు. గందుకని, బర్రెలు కొననీకె వచ్చిన అని చెప్పిన."

"బర్రెలు కొననీకె."

"అవ్. నా యాపారం గదే గద. అబద్ధం గూడ కాదు."

"ఏ భాషల చెప్పినవ్?"

"మన పట్నం ఉర్దు. సగం సమజైంది, సగం చేతులతోని చెప్పిన."

"మరి ఊరోళ్లు ఏమన్నరు?"

"మొదలు మంచిగనే చెప్పిన్రు. కార్ఖాన వచ్చినంక ఏమన్న తక్లీఫా అంటే, ఏం లేదన్నరు. నీళ్లు తియ్యగ, గడ్డి పచ్చగ, ఈడి బర్రెలు రెండు పూటల బకెట్లు నింపుతయన్నరు. ఒక ముసలోడైతే, కార్ఖాన గాలి తగిలిన సంది పాలల్ల వెన్న గూడ పెరిగిందన్నడు."

"బాపు, వాళ్లు నీకు బర్రెలు అమ్ముదామని చెప్పిన్రు."

"నాకు తెల్లారి సమజైంది. లేచి తలుపు తీస్తే, నేను పండుకున్న లాడ్జి ముంగట రోడ్డు పొడుగూత బర్రెలు కట్టేసి ఉన్నయి. నవ్వకు బిడ్డ."

"నేను నవ్వుతలేను. అమ్మ నవ్వుతుంది."

"నేను పోపు ఘాటుకు దగ్గుతున్న."

"దగ్గు, దగ్గు. ఊరికి పోయింది నువ్వు గాదు గద. అలవాటుగ ఒకదాని పండ్లు చూసిన. గదే తప్పైంది. పండ్లు చూసినోడు కొనేటట్టే ఉన్నడని ఊరంత మీద పడ్డరు. చెమట తుడుచుకుందామని భుజం మీది తువ్వాల తీసిన. గా ముసలోడు సక్కగ వచ్చి తువ్వాల కింద చెయ్యి పెట్టి నా వేళ్లు వట్టిండు."

"వేళ్లెందుకు పట్టిండు?"

"గీ పిల్లకు ఏం తెల్వది నర్సింహ. అంగట్ల ధర నోటితోని చెప్పరు బిడ్డ, తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్తరు. ఆడ గూడ గదే రివాజు. నేను చెయ్యి గుంజుకుంటే ధర తక్కువైందేమో అనుకొని ఇంకో వేలు పట్టిండు."

"అయితే కొన్నవా? వాకిట్ల ఏం కనిపిస్తలేదు."

"కొనలే. ఒక్కటి గూడ కొననని చెప్పిన. అప్పుడు చూడాలె. ఊరంత ముచ్చట మార్చింది. గా వెన్న ముసలోడే, కార్ఖాన వెచ్చటి నీళ్లు సముద్రంల ఇడుస్తది, చేపలన్ని దూరం పోయినయి, వల ఏస్తే నాచు వస్తుందని మొత్తుకున్నడు. ఇంకొకడు వచ్చి, కాదు కాదు, వెచ్చదనానికి చేపలు బలుస్తున్నయన్నడు. ఇద్దరు కొట్లాట వెట్టుకున్నరు."

"ఏది నిజం మరి?"

"నాకేమెరుక? కొంటనంటే ఒక ముచ్చట, కొననంటే ఒక ముచ్చట. గిన్నేండ్ల బేరంల నా పద్ధతి ఏనాడు తప్పలే. ఆడ తప్పింది."

"అంటే ఏం తెల్వకుండనే వద్దంటున్నవ్."

"ఎందుకు తెల్వదు? గేటు కాడ కాపలా పిలగాన్ని అడిగిన. గింత పెద్ద పొయ్యి గద, బూడిద ఏడ పోస్తరని. బూడిద రాదన్నడు. బూడిద రాని పొయ్యి ఉంటదా నర్సింహ?"

"ఉండది. గ్యాసు పొయ్యికి గూడ మసి ఉంటది."

"ఆడ కాలేది బొగ్గు గాదమ్మా. పొగ రాదు, బూడిద రాదు. గదే దాని మంచితనం. కాని లోపట వేడి పుట్టించి అయిపోయిన కడ్డీలు మిగులుతయి. వాటిని నీళ్ల హౌజుల పెడతరు."

"సల్లారనీకెనా?"

"అవ్."

"ఎంత సేపు?"

"మస్తు ఏండ్లు."

"మస్తంటే?"

"నీళ్లల్ల కొన్నేండ్లు. అటెన్క..."

"అటెన్క?"

"బాపు, ఇంకో చాయ్ పెట్టనా?"

"చూసినవా నర్సింహ. గా కాపలా పిలగాడు గూడ సక్కగ గీ మాట కాడికే వచ్చి బీడి అడిగిండు. చదువుకున్నది గీడికే వచ్చి చాయ్ అంటుంది."

"సరే, చెప్త. కొన్నిటిని వేల ఏండ్లు పైలంగ చూసుకోవాలె. వినోద్ గూడ దాస్తలేడు. గది ఇంక తెగని పంచాదే అన్నడు."

"వినోదా. అప్పుడే పేరు పెట్టి పిలుస్తున్నవ్."

"మరేమని పిల్వాలె?"

"నువ్వు ఊళ్లె లేని సంది రోజు పొద్దుమూకి ఫోన్లనే ఉన్నది. మేడ మీద బట్టలు తియ్యనీకె పోతది, బట్టలు మేడ మీదనే ఉంటయి."

"అమ్మా, నీది ఏ పక్కనో ముందుగాల చెప్పు."

"నాది ఏ పక్క గాదు. వింటున్న. వేల ఏండ్లంటే ఎవలు చూస్తరే వాటిని? పోయిన వానకు మన గల్లీల తెగిన తీగను సూడనీకెనే ఎవడు రాలే."

"గట్ల అడుగు నర్సింహ, గట్ల అడుగు. ఇంకోటి విను. ఆడ పనిచేసేటోళ్లు అంగికి ఒక బిళ్ల పెట్టుకుంటరంట. కంటికి కనపడనిది మనిషికి ఎంత తగిలిందో గది చెప్తదంట. తగిలినంక చెప్తే ఏం ఫాయిద? పాము కరిసినంక ఎన్ని పండ్లు దిగినయో లెక్కపెట్టినట్టు."

"గా బిళ్ల నాకు గూడ ఉన్నది బాపు."

"ఏం బిళ్ల?"

"హయత్‌నగర్ దవాఖానల ఎక్స్‌రే రూంల నేనేం చేస్తున్నననుకున్నవ్? నేను గూడ పెట్టుకుంట. దాన్ని పంపించి చూపిస్తరు. హద్దు దాటేటట్టుంటే ముందుగాలనే పని ఆపుతరు. ఇప్పటి దాంక నాకేం కాలే."

"నువ్వు ఫోటోలు తీస్తున్నవనుకున్న."

"ఫోటోలే. బొక్కల ఫోటోలు."

"నర్సింహ, నీకెరుకనా గిది?"

"ఎరుకే. నీకు చెప్తే కాలేజీ కాడనే ఆపుతుంటివి."

"ఇంట్ల ఇద్దరు కలిసి నన్ను ఆగం చేసిన్రు గద."

"ఎవలు ఆగం చెయ్యలే బాపు. ఇంకో ముచ్చట చెప్పనా? వినోద్ వాళ్లమ్మ గూడ మన గురించి ఇచారం చేసింది. యాచారం దిక్కు మందుల కంపెనీలకు భూములు తీసుకున్నరట గద, రేపటి దినం మీ నీళ్లు ఎట్లుంటయో, పిల్లకు దగ్గు గిట్ల ఏమన్న ఉన్నదా అని అడిగింది."

"మన పిల్లకా? దగ్గా?"

"నువ్వు చేపలనడిగినవ్, ఆమె దగ్గునడిగింది. ఇద్దరిదొక్కటే భయం."

"నాది భయం. ఆమెది బద్నాం."

"మంచిది. చేపలయిపోయినయి, బూడిదయిపోయింది, బిళ్లయిపోయింది. ఇగ అసలుది చెప్పు బాపు. వీటికి గాదు నువ్వు వద్దనేది. వీటికైతే ఆడ రెండు దినాలు కొట్లాడి, ఈడికొచ్చి నవ్వుకుంట చెప్తుంటివి."

"చాయ్ సల్లారింది."

"బాపు."

"కూత మోగింది బిడ్డ."

"ఏం కూత?"

"కార్ఖాన కూత. సైరను. పొద్దుగాల చాయ్ బండి కాడ నిలవడ్డ, మొదలైంది. లేగ పోయిన బర్రె ఒర్రుతది చూడు, గట్ల. ఆగుతలేదు. జీపు మీద మైకు పెట్టుకొని వచ్చిన్రు. అందరు ఇండ్లల్లకు పోన్రి, తలుపులు కిటికీలు పెట్టుకోన్రి, బయట పెట్టిన నీళ్లు తాగకున్రి అని. చాయ్ బండోడు పొయ్యి ఆర్పి ఉర్కిండు. ఎవని ఇంట్లకు వాడు పోయిండు. ఆడ నాకు ఏ ఇల్లున్నది?"

"బాపు, గది..."

"ఆగు, చెప్పనియ్యి. ఒక ఆడమనిషి నా చెయ్యి వట్టి వాళ్లింట్లకు గుంజింది. తలుపు సందులల్ల తడి గుడ్డలు కుక్కింది. ఒక గోలి ఇచ్చి మింగుమన్నది. మింగిన."

"గోలి ఎట్లున్నది?"

"తియ్యగున్నది."

"బాపు, గది రిహార్సల్. నిజంగ ఏదన్న అయితే ఏం చేయాల్నో అప్పుడప్పుడు ఊరోళ్లతోని చేయించి చూస్తరు. అసలు గోలి బదులు తీపి గోలి ఇస్తరు. వినోద్ నాకు ముందుగాలనే చెప్పిండు."

"ఊరందరికి గూడ ముందుగాలనే చెప్పిన్రట. మొన్ననే మైకు తిరిగిందట. గా టైముకు నేను బర్రెలోళ్లకు కనపడకుండ సముద్రం ఒడ్డుకు పోయి పడవ సాటుకు కూసున్న. ఊరు మొత్తంల తెల్వనోన్ని నేనొక్కన్నే."

"ఎవలన్న చెప్పొద్దా నీకు?"

"బర్రెల బేరగాడు అన్ని ఎరుకైనోడే అనుకున్నరు. గా ఆడమనిషి నవ్వుకుంట గుడ్డలు కుక్కుతుంది. సచ్చేటప్పుడు గిట్ల నవ్వుతున్నరేంది ఈ ఊరోళ్లు, గట్టి గుండెలోళ్లున్నరు అనుకున్న."

"అయ్యో, మనిషి నడుమ ఆగమైండు."

"గది గాదు నర్సింహ. భయం తగ్గుతది. అటెన్క చూసింది తగ్గుతలేదు. కిటికీ రెక్క జర తెరిచి చూసిన. రోడ్డు మీద పురుగు లేదు. కట్టేసిన బర్రెలున్నయి, గంతే. ఒక్క మోటర్‌సైకిల్ వస్తుంది. మంది అంత ఇండ్లల్ల దాసుకుంటే వాడొక్కడు కార్ఖాన దిక్కు పోతుండు. మనకు సంబంధం చెప్పిన హన్మంత్ తెచ్చిన ఫోటోల చూసిన మొఖమే."

"ఆయన డ్యూటీ బాపు. గది మోగితే కొంతమంది లోపటికి పోవాలె. ఆయన వాళ్లల్ల ఒకడు."

"గదే గద నేను చెప్పేది. చేపలతోని నాకు ఫికర్ లేదు. పిరికోడైతే సైరను మోగంగనే ఇంటికి ఉర్కొస్తడు, నా బిడ్డ పక్కన ఉంటడు. వీడు పిరికోడు గాదు. ఏనాడన్న నిజంగ మోగితే నిన్ను తలుపేసుకొమ్మంటడు, వాడు అటు పోతడు. మంచోడు గాబట్టే పోతడు. గసొంటోనికి పిల్లనెట్ల ఇయ్యాలె?"

"నిజంగ మోగకపోవచ్చు గద."

"మోగదని వాడు ఒట్టు పెడతడా?"

"పెట్టడు. నేనడిగిన. మోగదని చెప్పలేను, మోగకుండ చూసుడే మా పని, మోగితే ఏం చేయాల్నో ఎరుకే అన్నడు. అసలే మోగదు అన్నోడైతే నేనే వద్దంటుంటి బాపు."

"నీకు భయం లేదా బిడ్డ?"

"ఉన్నది. భయం లేకుంటే నిన్ను గంత దూరం ఎందుకు పోనిస్త? నేను చూడని జాగ నువ్వు చూసొస్తవని ఆపలే."

"చూసొచ్చిన గద. వద్దంటున్న గద."

"ఏమయ్య, నాదొక్కటి చెప్పు. గా మోటర్‌సైకిల్‌ను చూసి ఏం చేసినవ్?"

"ఏం చేస్త? కూసున్న."

"ఉత్తగ కూసుండేటోనివి గాదు నువ్వు. నా కాపురంల ఏనాడు చూడలే."

"ఫోన్ చేసిన."

"నాకు రాలే."

"నీకు గాదు."

"నాకు గూడ రాలే బాపు."

"నీకు గూడ గాదు."

"సచ్చిపోతున్ననుకొని పెండ్లానికి చెయ్యలే, బిడ్డకు చెయ్యలే. ఎవనికి చేసినవయ్య మరి?"

"గా పిలగానికే."

"వినోద్‌కా?"

"హన్మంత్ ఇచ్చిన నంబరు ఉండె. వేలు దానికే పోయింది."

"ఎత్తిండా?"

"బండి పక్కకాపి ఎత్తిండు. కిటికీల నుంచి నాకు కనిపిస్తనే ఉన్నడు. ఎవరు అన్నడు. నా పేరు చెప్పలే."

"మరేం చెప్పినవ్?"

"ఏదో అన్న, పెట్టేసిన."

"ఏమన్నవ్ బాపు?"

"ముందెనుక సోంచాయించి అన్నది గాదు బిడ్డ. దానంతట గదే వచ్చింది. 'పైలంగ పోయి రా అల్లుడా' అన్న."