పేర్లు పేర్చే ముప్ఫై లైన్లు

మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసులో చిన్న మీటింగు గది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉన్నారు.

“తలుపెందుకు వేశావే? ఉక్కపోస్తోంది.”

“ఉండనీ అక్కా. బయట వింటారు.”

“వింటే విననీ. నేనేం దొంగతనం చేశానా? కోడు రాసేవాడికి ముందు బేసిక్స్ రావాలన్నాను. ఒకే పని మళ్ళీమళ్ళీ చేయించే లూపు రాయడం నేర్చుకోండ్రా అన్నాను. అంతేగా?”

“మూడు నెలల్నించీ అదే అంటున్నావు. కొత్తగా చేరిన ఆరుగురూ ఇంకా లూపుల దగ్గరే ఉన్నారు. పక్క టీమువాళ్ళు మనకేం పేరు పెట్టారో తెలుసా? ఓనమాల బడి.”

“మంచి పేరే పెట్టారు. ఎవరో రాసిపెట్టిన కోడు, లైబ్రరీ అని తెచ్చుకోవడం, ఇక్కడ అతికించడం, పనైపోయిందని కాఫీకి పోవడం. అదేనా ప్రోగ్రామింగంటే? రేపది పనిచెయ్యకపోతే మొహమొహాలు చూసుకుంటారు.”

“బేసిక్స్ వద్దని ఎవరన్నారు? నాకు నేర్పింది నువ్వేగా. మంచం మీద పేకముక్కలు పరిచి...”

“పదమూడు ఇస్పేటు ముక్కలు. చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా పేర్చమంటే రాణిని తీసుకెళ్ళి రాజు తర్వాత పెట్టావు. తప్పంటే ఏడ్చావు.”

“ఏడవలేదు.”

“ఏడ్చావే! పన్నెండేళ్ళు నీకు. జలుబొకటి. ముక్కు నా దుప్పటికే తుడుచుకున్నావు.”

“అబ్బా, అంత గుర్తా నీకు?”

“ఎందుకుండదు? నిన్న జరిగినట్టుంది.”

“మరి ఇక్కడ చేరాక నేను పేర్చే కోడు చేత్తో రాస్తుంటే నువ్వేమన్నావో అదీ చెప్పు. ఇక చాలు, లైబ్రరీలో ఉన్నదే వాడుకో, ముసలమ్మలా చేత్తో రాస్తూ కూర్చోకు అన్నావు.”

“నేనా?”

“నువ్వే. టీములో పిల్లలందరి ముందూ అన్నావు.”

“అని ఉంటాను. ఎప్పటి మాటో.”

“పోయినేడాది మాటక్కా.”

“సర్లే. ఇంతకీ ఏం కావాలి నీకు? నాలుగింటికి మీటింగుంది నాకు.”

“దాని గురించే వచ్చాను. ఆ మీటింగులో... నిన్ను టీములోంచి తప్పిస్తారక్కా.”

“ఎవరు చెప్పారు?”

“మేనేజరే. పొద్దున పిలిచాడు. నీ చోట్లో నన్ను ఉండమన్నాడు.”

“నిన్నా?”

“నేను ఒప్పుకోలేదు. నీ కుర్చీలో నేనెలా కూర్చుంటాననుకున్నావు? కాళ్ళావేళ్ళా పడి ఒక్క అవకాశం అడిగాను. అక్క పంతం వదిలేస్తుంది, క్లినిక్కుల కోసం మనం చేస్తున్న ప్రోగ్రాము లైబ్రరీలతోనే రాయిస్తుంది, నాదీ పూచీ అన్నాను.”

“నన్నడక్కుండా పూచీ ఎలా పడతావు?”

“అడుగుతున్నాగా ఇప్పుడు! ఒక్క లైనక్కా. క్లినిక్కుకి వచ్చినవాళ్ళ పేర్లు అక్షరక్రమంలో రావాలి. దానికి నువ్వు ముప్ఫై లైన్లు చేత్తో రాశావు. అది తీసేసి లైబ్రరీది ఒక్క లైను పెట్టు. నువ్వు రాసిందేనని ఆయనకి చూపిస్తాను. ఇదిగో లాప్‌టాప్, కొట్టు.”

“కళ్ళజోడు నా సీటు దగ్గర ఉండిపోయింది.”

“తల మీదుంది.”

“ఆఁ... ఇప్పుడొద్దులే. మనసు బాలేదు.”

“ఒక్క లైను.”

“నువ్వు కొట్టు. నేను చూస్తుంటా.”

“నువ్వే కొట్టాలి. కళ్ళు మూసుకుని రాసేదానివి కదా.”

“ఒక్కసారి వద్దంటే వినవేం?”

“సరే, కొట్టొద్దు. ఆ లైబ్రరీ పేరు చెప్పు, నేనే కొడతాను. పేరొక్కటే.”

“పేరు...”

“ఊఁ.”

“ఉండు. నోట్లో ఆడుతోంది.”

“అక్కా, రోజూ వాడేదానివి.”

“ఉండవే! తొందరపెడితే అసలు రాదు నాకు.”

“అసలు రాదా? ఎప్పట్నించి?”

“ఏది ఎప్పట్నించి?”

“నా మొహం చూసి చెప్పు. ఎప్పట్నించి ఇలా?”

“... ఏడాది దాటింది. మొదట్లో ఒకటీ అరా పేర్లు పోయేవి. పని ఎక్కువై అలసిపోతున్నాననుకున్నాను. తర్వాత ఒక్కోటీ మొత్తానికే పోయింది. నేను రాసిన పాత కోడు తెరిస్తే ఎవరు రాశారో ఇది అనిపిస్తుంది. కింద చూస్తే నా పేరే.”

“డాక్టరు దగ్గరికి వెళ్ళావా?”

“రెండుసార్లు.”

“ఒక్కదానివేనా? బావకి తెలీదా?”

“మీ బావతో పన్ను నొప్పన్నాను. పాపం, నెల్లాళ్ళు మెత్తటివే వండిపెట్టాడు.”

“ఛీ, ఎలా నవ్వుతావక్కా? ఏమన్నాడు డాక్టరు?”

“మగాడు కాదు, ఆవిడ. నిదానంగానే చెప్పిందిలే. కొత్తగా నేర్చుకున్నవి ముందు పోతాయంది. పాతవి ఎక్కువ కాలం నిలుస్తాయంది.”

“అందుకా ఈ బేసిక్స్...”

“వాటితో నేను బోర్డు ముందు నిలబడగలను. ఆ పిల్లలు లైబ్రరీ అంటే చాలు, ఎక్కడ నన్నడుగుతారోనని ముందే నోరు చేసుకునేదాన్ని. పాపం, ఆ పొట్టి పిల్లని మొన్న ఏడిపించాను కూడా.”

“నాకు చెప్పకూడదూ? చెల్లెల్ని కదా, పక్క సీట్లోనే ఉన్నాను కదా, నాకు చెప్పకూడదూ?”

“నువ్వు నన్ను చూసి నేర్చుకున్నదానివి. నీకెలా చెప్పను?”

“అయితే మాత్రం...”

“ఏడవకే. గాజు తలుపు, కనిపిస్తావు.”

“ఏడవట్లేదు. విను. ఇప్పుడే మేనేజరు దగ్గరికి వెళ్తాను. లైబ్రరీల పని నేను చూసుకుంటానంటాను. బేసిక్స్ పాఠం నీది. రోజుకి గంటో, రెండు గంటలో. నీ అంత బాగా ఎవరు చెప్తారు? నీ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. ఇద్దరం కలిసి లాక్కొద్దాం.”

“ఆ మాటివ్వకే ఆయనకి.”

“ఎందుకివ్వకూడదు? ఒప్పుకుంటాడు. నేనొప్పిస్తాను.”

“వద్దమ్మా.”

“చూడు, నేనున్నానుగా, నీ పొరపాటు ఒక్కటి కూడా బయటికి పోనివ్వను. పోయినవారం కూడా... నీకు చెప్పొద్దనుకున్నాను.”

“ఏంటి పోయినవారం?”

“పేర్లు పేర్చే ఆ ముప్ఫై లైన్లు... ఫైల్లో ఒకసారి ఉంటే చాలుగా. నాలుగుసార్లున్నాయి. సోమవారం రాశావు. రాసినట్టే గుర్తులేక మంగళవారం మళ్ళీ రాశావు. బుధవారం ఒకటి, గురువారం ఒకటి. ఎవరూ చూడకముందే మూడు తీసేసి సోమవారంది ఉంచాను. అయిపోయింది. ఎవరికీ తెలీదు.”

“సోమవారందే ఎందుకుంచావు?”

“అది తప్పుల్లేకుండా ఉంది. బుధవారం దాంట్లో రెండు పేర్లు తారుమారయ్యాయి. గురువారం దాంట్లో ఆఖరి పేరు రాలేదు. పోనీలే అక్కా, రాసిందే మర్చిపోయి మళ్ళీ రాశావు, అంతేగా.”

“మర్చిపోయి రాయలేదే.”

“మరి?”

“పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, నిన్నటిది చూడకుండా మళ్ళీ రాసుకునేదాన్ని. ఇవాళ వస్తుందా రాదా అని. వస్తే ధైర్యంగా వెళ్ళి పాఠం చెప్పేదాన్ని.”

“... శుక్రవారంది లేదేం మరి? ఆ రోజు నేను సెలవు, నువ్వూ రాలేదా?”

“వచ్చాను. ఏడింటికే వచ్చాను. పేకముక్కలు కూడా తెచ్చుకుని ఈ గదిలోనే, ఈ బల్ల మీద పరుచుకున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నానే, మొదటి ముక్క ఎక్కడ పెట్టాలో తెలీలేదు.”