ఆపా చెప్పిన ‘నో అబ్జెక్షన్’

“తాతా, కరెంట్ రేట్ల హియరింగ్‌కు నువ్వు గూడ పోయినవట గదా?”

పోయిన బిడ్డా. రేపు నువ్వు నేను చేసిన గదే కరెంటాఫీసుల నౌకరీకి చేరుతున్నవ్ గాబట్టి చెప్తున్న. గ్యాస్ బండ ధర పెరిగిందంటే పొద్దుగాల పేపర్ల చూసుడే, మనల అడిగెటోడు లేడు. కరెంట్ గట్ల కాదు. రేటు మార్చాల్నంటే కమిషనోళ్లు ముందుగాల జనాన్ని పిల్వాలె, అబ్జెక్షన్ ఉంటే వినాలె. గది కానూన్.

హుస్సేనీ ఆలం బస్తీల అమీనా ఆపా అని, ఆపా అంటే అక్క, నువ్వెరగవు. పెనిమిటి లేడు, ముందటర్రల బట్టలు కుడతది. మీ నాయనమ్మ జాకిట్లన్నీ ఆమెనే... రెండ్రూపాయలకొకటి, కాదు కాదు, మూడు. మీటర్ రీడింగ్‌కు పోయినప్పుడల్లా నాకు చల్లటి నీళ్లిచ్చేది. ఒకసారి చూస్తే మిషన్‌కు మోటర్ పెట్టించింది. ఇంటి కేటగిరీ కొట్టేసి దుకాణం కేటగిరీ రాసిన. “భాయ్, బోర్డు లేదు, గల్లా లేదు, ఇదేం దుకాణం?” అన్నది. “రూల్ ఆపా” అన్న. ఆ రేటు మోయలేక మోటర్ పీకేసింది. కాలుతోని తొక్కుడు మల్ల షురూ. మోకాళ్లు అరిగిపోయినయ్, కేటగిరీ మాత్రం మారలే. అయినా నాకు నీళ్లిచ్చుడు బంద్ చెయ్యలే. గదే నన్ను తిన్నది బిడ్డా.

రిటైరైనంక, పోయినేడు, హియరింగ్ ఉన్నదని తెల్సి ఆపాను ఆటోల తీస్కపోయిన. ఇంట్ల కుట్టుకునేటోళ్లను దుకాణం కింద రాయొద్దని ఆమెనే చెప్పాలె. దారిల నేనే నేర్పిన: “పేరు పిలుస్తరు. లేచి ముందు ‘నో అబ్జెక్షన్’ అను, తర్వాత నీ బాధ చెప్పు.” నవ్వకు. నా సర్వీసంత, ఏ కాయిదం పోయినా కింద ఆ రెండు ముక్కలుంటేనే సాబులు ముట్టేది. ముందుగాల సలాం కొట్టినట్టు, గదొక పద్ధతనుకున్న.

పేరు పిలిసిండ్రు. కుర్చీ పట్టుకొని లేసింది. మైకుల సాఫ్‌గ “నో అబ్జెక్షన్ సాబ్” అన్నది. పెద్దసారు “శుక్రియా అమ్మా, కూర్చోండి” అని ఇంకో పేరు పిలిసిండు. ఆమె కూసున్నది. నేను లేసి “సార్, సార్” అన్న. పేరు రాయించుకున్నవా అన్నరు. రాయించుకోలే.

వాపస్ వస్తుంటే ఆటోల అడిగింది, “భాయ్, బరాబర్ చెప్పిన్నా?” అని.

“బరాబర్ చెప్పినవ్ ఆపా” అన్న.

ఏమనాలె మరి? మొన్న గూడ అడిగింది, కమిషనోళ్ల జవాబు ఎప్పుడొస్తది భాయ్ అని. వస్తది ఆపా అన్న... నువ్వు సల్లగుండు బిడ్డా. నువ్వన్న కేటగిరీ మంచిగ రాయి.