పటకారుకు అతికిన గొలుసు

సభకు పెద్దగా కూర్చున్న మా వెండిపనివాళ్ళ సంఘం అధ్యక్షులవారికి, ఇవాళ పని మానుకుంటోందని ముందు వరుసలో కూర్చోబెట్టినందుకు ముళ్ళ మీద కూర్చున్నట్టు కదులుతున్న మా పెద్దక్కకు, ఆమె చేతి కింద వేళ్ళు కాల్చుకుని పని నేర్చుకుని ఇవాళ నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్న అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపే చూస్తున్న మిత్రులకు (నవ్వులు), అందరికీ ఈ అలసిన మనిషి వందనాలు.

అలసిన మనిషి అని మాటవరసకు అనలేదు. వారమంతా వెండి తీగ లాగి, సెలవు రోజున దేవుడి వాక్యం చెప్పి చెప్పి, భుజం ముందు పోతుందా గొంతు ముందు పోతుందా అన్నట్టుంది నా పరిస్థితి. నేను బడిలో చదువుకున్నవాణ్ని కాదు. అట్టలూడిన లేఖనాల పుస్తకంలోనే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను కాబట్టి ఏ మాట మొదలెట్టినా చివరికి అక్కడే తేలతాను, ఓర్చుకోండి. రెండు నిమిషాల్లో ముగించమని అధ్యక్షులవారు నా చెవిలో చెప్పారు. నా మీద ఆయనకున్నంత నమ్మకం నాకు కూడా లేదు. (నవ్వులు)

పంచర్లు వేసే కొట్టు మీద, గోడకు ఎదురుగా కిటికీ ఉన్న మా గది మీ అందరికీ తెలుసు. ఆ గదిలో పెద్దక్క పీట వేసుకుని, దీపం ముందు పెట్టుకుని, వంకర తిరిగిన ఇత్తడి గొట్టం పెదవుల మధ్య పట్టుకుని ఊదితే, దీపం మంట సూదిలా సన్నబడి వెళ్ళి అతుకు మీద వాలేది. ముక్కుతో పీల్చాలి, నోటితో వదలాలి, మధ్యలో తెగకూడదు. తెగితే అతుకు పడదు, ఎక్కువైతే నగ కాస్తా ముద్దయిపోతుంది. మట్టిలోకి ఊపిరి ఊది మనిషిని నిలబెట్టినవాడు ఎంతసేపు ఊదాడో లేఖనం చెప్పలేదు గానీ, వెండి అతికేదాకా ఎంత ఊదాలో మాకు అక్క చెప్పింది. ఆ ఊపిరే ఇప్పుడు ఆమెకు చాలడం లేదు. గొట్టం మళ్ళీ పెదవులకు తగలకూడదని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. గ్యాసు మంట ఉంది కదా అంటారు కొందరు. ఉంది, కొన్నాం. దానికి గుప్పుమనడం తెలుసు, బుజ్జగించడం తెలీదు.

ఒకసారి నేను ఊపు మీద చెబుతున్నాను, వెండిని శుద్ధి చేసేవాడు కరిగిన వెండిలో తన ముఖం కనబడేదాకా కూర్చుంటాడు, దేవుడూ మన విషయంలో అంతే అని. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. వెనక నుంచి అక్క, "ముఖం చూసుకుంటూ కూర్చుంటే వెండి మాడిపోతుంది తమ్ముడూ. కూర్చునేది నిజమే, చూడాల్సింది వెండిని" అంది. (నవ్వులు) ఆ రోజు నుంచి ఆ పోలిక మానేశాను. మంచి పోలిక, పోయింది.

ఇందాక అధ్యక్షులవారు ఒక ప్రకటన చేశారు. మీరంతా చప్పట్లు కొట్టారు. రేపటి నుంచి పెద్దక్క పీట మీద నేను కూర్చుని నేర్పిస్తానట. ఎందుకయ్యా అంటే నాకు నోరుందట, నలుగురికీ విడమరిచి చెప్పగలనట.

అయ్యా, నోరున్నవాడి చేతికి బంగారం ఇస్తే ఏమవుతుందో లేఖనంలో ఉంది. ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడికి మాట తడబడుతుంది, అన్న మాటకారి. తమ్ముడు కొండెక్కి ఎంతకూ దిగిరాకపోతే, జనం చెవిపోగులన్నీ తీసి ఆ మాటకారి అన్న ముందు పోశారు. ఆయన దూడను పోతపోసి, ఇదే మీ దేవుడని నిలబెట్టాడు! ఇదేమిటని తమ్ముడు నిలదీస్తే, మంటలో వేశాను, ఇది బయటికొచ్చింది అన్నాడు. ఇక్కడున్నవాళ్ళంతా మంట దగ్గర బతికినవాళ్ళే. చెప్పండి, మంటలో పడేస్తే తనంతట తాను ఏం బయటికొస్తుంది? ("ముద్ద!" అని వెనక నుంచి; నవ్వులు) ముద్దే. నేను ఆ పీట ఎక్కితే మీకు మిగిలేదీ ముద్దే. నేను తీగ లాగేవాణ్ని. నా ఊపిరంతా మాటలకే పోయింది, దీపానికి మిగల్లేదు.

ఆ పీట ఎవరిదో నాకు తెలుసు. ఆ మనిషి ఈ వేదిక పక్కనున్న తలుపు దగ్గరే కూర్చుని ఉంది, సభ అయ్యీ అవగానే మెట్లు దిగిపోయేలా. మా అక్క కోడలు. నెలాఖరుకు నగల షోరూములో అద్దాల వెనక నిలబడే ఉద్యోగానికి పోతోంది. ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పింది. ప్రసంగాలు చేసేవాడికి రహస్యం చెప్పడం నీ రెండో పొరపాటమ్మా. (నవ్వులు)

మొదటిది అందరికీ తెలుసు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ అమ్మాయి పనిలో చేరి మొట్టమొదటి గొలుసు అల్లుతున్న రోజు, చివరి వలయం అతికేటప్పుడు గొలుసు జారిపోకుండా అత్తగారి పటకారు పిడికున్న రింగులోంచి పోనిచ్చింది. మంట మీద ధ్యాసలో ఆ సంగతే మరిచి, చక్కగా అతికేసింది. చల్లారాక గొలుసు ఎత్తితే పటకారూ వెంట లేచింది! "పటకారు కూడా మెళ్ళో వేసుకుంటావా అమ్మాయ్?" అంది అక్క. గదంతా ఒకటే నవ్వు. ఈ పిల్ల ఏడుపు ఆపుకుంటూ, "కోసేయండి అత్తయ్యా" అంది. అక్క గొలుసును వెలుతురుకు పట్టి, ఒక్కో వలయం మీద గోరు పెట్టి రాసి చూసి, "ఎక్కడని కోయను?" అని పక్కన పెట్టేసింది. అంతే. ఆ పటకారుతోనే, ఆ గొలుసు వేలాడుతుండగానే, ఇన్నేళ్ళూ పని చేసింది. ఆ గలగల వినబడితే అక్క వచ్చిందని మనకు తెలిసేది.

మొన్న ఈ అమ్మాయి నాతో ఏమందో తెలుసా? "బాబాయ్, ఆ పటకారు కదిలినప్పుడల్లా నా తెలివితక్కువతనం గదంతా మోగుతుంది. ఇన్నేళ్ళలో నా పని బాగుందని ఆవిడ ఒక్కసారైనా అన్లేదు. ఇంకా ఎందుకుండాలి?" అంది.

అక్కా, ఇప్పుడు నా కోపం నీ మీద! నువ్వు పెద్దదానివి, జబ్బు మనిషివి, ఇవాళ నిన్ను పొగడ్డానికి పిలిచారు. అయినా అంటాను. అరణ్యంలో తన ఆరాధన గుడారానికి నగిషీ చేయడానికి దేవుడు ఒక పనివాణ్ని ఎంచుకున్నప్పుడు, చేతుల్లో పనితనం పెట్టాడు, దాంతో పాటే నేర్పే మనసూ పెట్టాడు. నేర్పే మనసంటే తప్పు చూపించడం ఒక్కటేనా? "ఇక్కడ గరుకు, అక్కడ గీత, ఇంకోచోట అతుకు కనబడుతోంది", ఇవి చెప్పడానికి నీకు ఊపిరి ఎప్పుడూ చాలింది. ఆ ఒక్క మాటకే చాల్లేదా? మా గదిలో ఒక కట్టుబాటుందని కొత్తవాళ్ళకు కూడా తెలుసు. తప్పొస్తే అతుకు దగ్గరే కోయాలి, బాగున్న చోట వెండిని కోయకూడదు. "ఎక్కడని కోయను?" అని నువ్వన్నది వెటకారమని ఈ పిల్ల ఇన్నేళ్ళూ అనుకుంది. ఆ గొలుసంతా వెతికినా నీకు అతుకు దొరకలేదని, అది నీ నోటి నుంచి రాగల పెద్ద మెప్పని, నాకర్థమైంది. దానికర్థం కాలేదు. నువ్వు చెప్పలేదు. ఇవాళ కూడా చెప్పకుండా ఇంటికెళ్ళిపోతే మంట చేతిలో ఉన్న ఒక్క మనిషీ అద్దాల వెనక్కి పోతుంది, మా గదికి దూడే గతి.

అక్కా... లేస్తున్నావేం? డాక్టరు నెమ్మదిగా నడవమన్నాడు. ఎవరైనా చెయ్యివ్వండి. వద్దంటోంది, వదిలేయండి. నా ప్రసంగం మధ్యలో లేచిపోయిన మొదటి మనిషేం కాదులెండి. (నవ్వులు, గలగలమన్న చప్పుడు) విన్నారా? సంచిలోంచి పటకారు తీసింది. తలుపు దగ్గరికే వెళ్తోంది.

(గలగల తలుపు దాకా వెళ్ళి ఆగింది) వాళ్ళ దగ్గర మైకు లేదు, నాకు వినబడింది మీకు చెబుతాను. పటకారు కోడలి ఒళ్ళో పెట్టింది. కోడలు, "ఇప్పుడైనా కోసేయమంటారా అత్తయ్యా?" అంది. అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుని, "అతుకు కనబడితే కోసుకో. నాకైతే కనబడలేదు. అప్పుడూ కనబడలేదు" అంది.

అది రెండు ఊపిర్లలో అనాల్సొచ్చింది. అన్నది.

అధ్యక్షులవారూ, మీ ప్రకటన పెద్దమనసుతో వెనక్కి తీసుకోండి. ఓపిగ్గా విన్న మీకందరికీ, నా మాటలు భరించినందుకు మా అక్కకు, కృతజ్ఞతలు. టీ తీసుకురండి బాబూ, ఆ తలుపు వైపు నుంచి మాత్రం రాకండి. అమ్మాయి గొలుసును ట్యూబులైటు కేసి ఎత్తి, ఒక్కో వలయం తిప్పి చూస్తోంది. చూడనీయండి. ఎంతసేపు చూసినా కనబడదు.

నాకిక సెలవు.