మోజెస్ గారి సాక్ష్యం

ఆదివారం ఉదయం. అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు చర్చికి వెళ్తున్న కారులో భార్యాభర్తలు.

“...అందరికీ వందనాలు, నేను బ్రదర్ మోజెస్. పన్నెండేళ్ళు కనిపెట్టుకుని ఉన్నాను. ప్రభువు నా మొర ఆలకించాడు. గ్రీన్‌కార్డుకి ఫైల్ చేసుకునే డేట్ వచ్చింది. ఎలా ఉంది జోసఫిన్, సాక్ష్యం?”

“ఎవరి డేటండీ?”

“మన డేట్.”

“మీరు ‘నా మొర’ అన్నారు.”

“అబ్బా, పట్టేశావా! ఇంటాయన లేచి చెప్తే అలాగే చెప్తాడు.”

“నా పేరు మీద అప్లై చేసింది నేను పనిచేసే హాస్పిటల్. అక్కడ పేషెంట్లని లేపి నడిపిస్తున్నవి నా చేతులు.”

“ఎవరు కాదన్నారు? సంఘానికి ఆ వివరాలన్నీ ఎందుకు? వాటర్ బాటిల్ తెచ్చావా?”

“తెచ్చాను. ఎడిసన్ సంగతి కూడా చెప్తారా?”

“ఇప్పుడు ఎడిసన్ ఏంటి?”

“న్యూజెర్సీలో, ఆ ఎడిసన్‌లో మీకు జాబ్ వచ్చింది. నన్ను హాస్పిటల్ మానేసి రమ్మన్నారు. రానన్నాను.”

“ఎప్పటిదో అది, జోసఫిన్—”

“నా ఫైల్ వేసిన నాలుగో నెల. హాస్పిటల్ మానేసుంటే ఆ ఫైల్ అప్పుడే పోయేది. మీరొక్కరే వెళ్ళారు. ఏడాదికి ఆ జాబ్ పోయి తిరిగొచ్చారు.”

“అంతా దేవుడి కృప.”

“నేను రానన్నాక వచ్చిన ఆదివారం పాస్టర్ గారు మైకులో ఏమని ప్రార్థన చేశారు?”

“గుర్తులేదు.”

“నాకుంది. ‘ఈ సహోదరికి భర్తకు లోబడే మనసు దయచెయ్యి ప్రభువా.’ చర్చంతా ఆమెన్ అంది. సిగ్గుతో చచ్చిపోయాను.”

“ఆయనకి నేను చెప్పలేదు.”

“మరెవరు చెప్పారు?”

“ఉండు, సిగ్నల్ పడింది.”

“ఎవరు చెప్పారండీ?”

“ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టానంతే. ఏదో కోపంలో.”

“పన్నెండేళ్ళకి ఒప్పుకున్నారు.”

“సరే తల్లీ, తప్పే. ఇప్పుడేం చెయ్యమంటావ్? సాక్ష్యం నువ్వే చెప్తావా?”

“నేనా? వద్దు. మీరే చెప్పండి.”

“అమ్మయ్య. మరి ఈ గొడవంతా ఎందుకు?”

“లాయర్ పంపిన కాగితంలో ఒక లైనుంది. గ్రీన్‌కార్డుకి నాతోపాటు ఎవరి పేరు కలపాలో రాయమని. ఖాళీగా ఉంచాను.”

“ఖాళీగానా? నా పేరు రాయలేదా? జోసఫిన్! నీ ఫైల్ తప్ప నాకు వేరే ఏముంది—”

“తెలుసు. చర్చి వచ్చింది, పార్క్ చెయ్యండి. వెళ్ళి మైకు తీసుకోండి. నేను ముందు వరసలోనే కూర్చుంటాను. మీ సాక్ష్యం విని, అప్పుడు రాస్తాను.”